గీత అవతల కూడా మన మెట్టే



1970 ఫిబ్రవరి 2న మన ఉదయగిరి మెట్ట మీద ఒక గీత పడింది. అంతవరకూ నెల్లూరు జిల్లాలో ఉన్న కనిగిరి, పొదిలి, కందుకూరు తాలూకాలు ఆ రోజు నుంచి కొత్త జిల్లాలోకి వెళ్ళాయి. గుంటూరు నుంచి ఒంగోలు వైపు తాలూకాలు, కర్నూలు నుంచి మార్కాపురం, గిద్దలూరు వచ్చి దాంట్లో కలిశాయి. మొదట ఒంగోలు జిల్లా అన్నారు. 1972లో టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. ఆయన పుట్టిన నేలకు ఆయన పేరు పెట్టడం సబబైన పనే. కాకపోతే ఆ ఏర్పాటులో మా వరికుంటపాడు ఒక జిల్లాకీ, పక్కనున్న పామూరు ఇంకో జిల్లాకీ పడ్డాయి. పడమట వెలిగొండ దాటితే బద్వేలు, పోరుమామిళ్ళ. అది కడప జిల్లా. ఒకే కొండ, ఒకే రకం నేల, ఒకే రకం కరువు. అర్జీ పెట్టుకోవాలంటే మాత్రం ఒకరు నెల్లూరు పోవాల్సి వచ్చింది, ఒకరు ఒంగోలు పోవాల్సి వచ్చింది, ఒకరు కడప పోవాల్సి వచ్చింది. ఆ తర్వాత కూడా గీతలు జరుగుతూనే వచ్చాయి. 2022 ఏప్రిల్‌లో కందుకూరు తిరిగి నెల్లూరు జిల్లాలో కలిసింది.

గీత పడినంత మాత్రాన జనం ఆగలేదు. పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఆగలేదు. సంతకు పోవడం, ఎడ్లు కొనుక్కోవడం ఆగలేదు. ఆగిపోయింది ఏమిటంటే, సంఘాలు ఒకచోట కూర్చోవడం. మన నీటి సంఘాలు, ఆడవాళ్ళ పొదుపు సమాఖ్యలు, గొర్రెల పెంపకందారుల సొసైటీలు, పంచాయతీలు అన్నీ జిల్లా గీత దగ్గరికి వచ్చి నిలబడిపోతున్నాయి. గీత అవతలి సంఘంతో మాట్లాడే అలవాటు, దానికి తగిన వేదిక మనకు లేవు. ఈ పూట మీతో చెప్పుకోదలచింది ఈ సంగతే.

ముందు నీళ్ళ గురించి చెబుతాను. 1937లో షార్ట్, పండిట్, రాఘవాచారి అనే శాస్త్రవేత్తలు ఒక వ్యాసం ప్రచురించారు. తాగే నీళ్ళలో ఉన్న ఫ్లోరైడ్ వల్ల మనుషుల ఎముకలు గట్టిపడిపోయి, వెన్ను వంగిపోయి, మెడ తిరగకుండా పోతున్న జబ్బును మన దేశంలో మొట్టమొదట వివరించిన పరిశోధన అది. వాళ్ళు చూసింది నెల్లూరు జిల్లాను. ఆనాటి నెల్లూరు జిల్లా అంటే కనిగిరి, పొదిలి కూడా కలిసిన జిల్లా. ఉదయగిరి దాని పక్క తాలూకా. ఇప్పటికీ ఈ పట్టీలోని పల్లెల్లో పిల్లలు నవ్వితే పళ్ళ మీద పసుపు చారలు కనిపిస్తాయి. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదనీ, వేరే నీళ్ళు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చనీ మన దేశపు ప్రమాణం చెబుతుంది. ఇక్కడి రాయిలోనే ఫ్లోరైడ్ ఉంది. బోరు లోతుకు పోయేకొద్దీ నీళ్ళు ఆ రాతిని ఎక్కువ కాలం అంటిపెట్టుకుని ఉంటాయి కాబట్టి దాన్ని ఇంకా ఎక్కువగా తీసుకుంటాయి. ఆ రాయికి జిల్లా లేదు. వరికుంటపాడు వైపు ఏ బోరు మంచిది, ఏ బోరు పనికిరాదు అన్న లెక్క ఒక ఆఫీసులో ఉంటే, పామూరు వైపు లెక్క ఇంకో ఆఫీసులో ఉంటుంది. పక్కపక్క పల్లెలవే అయినా ఆ రెండు రిజిస్టర్లూ ఒకే బల్ల మీదికి వచ్చే ఏర్పాటు లేదు. ఈ ఒక్క పని కోసమైనా రెండు వైపుల పంచాయతీలు కలవాలని నేను గట్టిగా నమ్ముతున్నాను.

గీత దాటి కలిసి పని చేయడం అంత తేలిక కాదని కొందరంటారు. వాళ్ళు ఒక్కసారి అనంతసాగరం మండలంలోని సోమశిలకు పోయి చూడాలి. పెన్నానది కొండల నడుమ నుంచి బయటపడే చోట కట్టిన ఆనకట్ట అది. నిండితే 78 టీఎంసీల నీళ్ళు. ఆనకట్ట నెల్లూరు జిల్లాది. దాని కింద తడిసే కయ్యలూ ఎక్కువగా నెల్లూరు జిల్లావే. మరి ముంపు ఎవరిది? ఎక్కువ భాగం కడప జిల్లాది. అట్లూరు, నందలూరు, ఒంటిమిట్ట వైపు పల్లెల వాళ్ళు ఇళ్ళూ పొలాలూ వదులుకుని లేచిపోతే ఆ జలాశయం నిలబడింది. ఆత్మకూరు, నెల్లూరు రైతులుగా మనం ఆ మాట ఎన్నడూ మరవకూడదు. పక్క జిల్లా వాళ్ళు ఇచ్చిన చోటులో మన నీళ్ళు నిలిచి ఉన్నాయి.

ఆ నీళ్ళలో అన్నీ పెన్నా నీళ్ళు కూడా కావు. కృష్ణా నీళ్ళూ ఉన్నాయి. మద్రాసు నగరానికి తాగునీటి కొరత ముదిరిన కాలంలో, 1976 ఏప్రిల్‌లో, కృష్ణానది పారే మూడు రాష్ట్రాలు, అంటే మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, తమ తమ వాటాల్లోంచి తలా 5 టీఎంసీలు వదులుకోవడానికి ఒప్పుకున్నాయి. కృష్ణ పారని రాష్ట్రానికి, తమ ఓటర్లు ఒక్కరూ లేని నగరానికి, తాగడానికి నీళ్ళిచ్చాయి. మొత్తం 15 టీఎంసీలు. దారిలో ఆవిరి అయ్యేవీ ఇంకేవీ 3 పోగా, తమిళనాడు సరిహద్దులో 12 టీఎంసీలు అప్పగించాలి. జులై నుంచి అక్టోబరు దాకా 8, జనవరి నుంచి ఏప్రిల్ దాకా 4.

తర్వాత 1983 ఏప్రిల్ 18న ఆంధ్రప్రదేశ్, తమిళనాడు ప్రభుత్వాలు ఒప్పందం మీద సంతకాలు చేశాయి. అప్పుడు ఇక్కడ ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు, అక్కడ ఎం.జి. రామచంద్రన్. మే 25న మద్రాసులో ప్రారంభోత్సవం జరిగింది. ప్రధాని ఇందిరాగాంధీ వచ్చారు. మద్రాసుకు తాగునీళ్ళు తీసుకుపోయే కాలువే దారిలో రాయలసీమకూ నెల్లూరుకూ సాగునీళ్ళు ఇవ్వాలన్నది ఎన్టీఆర్ పట్టుదల. అదే తెలుగుగంగ. ఈ పథకం బతికి ఉండడానికి కారణం ఈ కూర్పే అని నా అభిప్రాయం. నీళ్ళు పోయే దారిలోని రైతుకు కూడా ఆ కాలువ అక్కర ఉండాలి. తన కళ్ళెదుట నీళ్ళు పోతుంటే చూస్తూ కూర్చోమని ఏ రైతునూ అడగలేం. అడిగితే కాలువ నిలవదు.

ఆ నీళ్ళ దారి ఇలా సాగుతుంది. శ్రీశైలం జలాశయం నుంచి పోతిరెడ్డిపాడు, అక్కడి నుంచి బనకచెర్ల, వెలుగోడు, బ్రహ్మంగారిమఠం దగ్గరి బ్రహ్మంసాగరం, ఆపైన సోమశిల, రాపూరు దగ్గర కండలేరు. కండలేరు నుంచి 152 కిలోమీటర్లు కాలువలో పోయి ఊత్తుకోట దగ్గర సరిహద్దు చేరతాయి. అక్కడున్న జీరో పాయింట్ దగ్గర కొలిచిన నీళ్ళే లెక్క. ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి చెరువు. శ్రీశైలం నుంచి లెక్కేస్తే 400 కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం.

1983లో కొబ్బరికాయ కొడితే, మొదటి నీళ్ళు సరిహద్దు దాటింది 1996 సెప్టెంబరులో. పదమూడేళ్ళు పట్టింది. నీళ్ళు వచ్చిన తర్వాత కూడా కష్టాలు తీరలేదు. కట్టలు కోసుకుపోయాయి, కాలువ పూడిపోయింది, దారిలో ఇంకిపోయేవి ఇంకిపోగా అనుకున్నదాంట్లో కొంత భాగమే నగరానికి చేరింది. ఒప్పందం కాగితం మీద పక్కాగా ఉంది, కాలువ మాత్రం బలహీనంగా ఉంది. అప్పుడు ముందుకొచ్చింది ప్రభుత్వం కాదు. 2002లో పుట్టపర్తి సత్యసాయి సంస్థ ఆ కాలువ బాగుచేతకు పూనుకుంది. 60 కిలోమీటర్లకు పైగా కాలువకు కొత్తగా లైనింగు వేయించింది, కండలేరు కట్టను పటిష్ఠం చేయించింది. 2004 చివరికి నీళ్ళు మళ్ళీ సాఫీగా పూండి చేరాయి. అప్పటి అనంతపురం జిల్లాలోని ఒక ధార్మిక సంస్థ, అప్పటి నెల్లూరు, చిత్తూరు జిల్లాల గుండా పోయే కాలువను, ఇంకో రాష్ట్రపు రాజధాని కోసం బాగుచేయించింది. సంస్థలు తలుచుకుంటే ప్రభుత్వాలు ఆగిపోయిన చోటు నుంచి పని అందుకోగలవనడానికి మన కళ్ళెదుట ఇంతకన్నా పెద్ద రుజువు లేదు.

2019 వేసవిలో మద్రాసు చెరువులు నాలుగూ ఎండిపోయి, అక్కడి జనం బిందెలతో ట్యాంకర్ల వెంట పరిగెత్తడం దేశమంతా చూసింది. ఆ ఏడు సెప్టెంబరు చివర్లో కండలేరు నీళ్ళు మళ్ళీ సరిహద్దు దాటాయి. మన నెల్లూరు వాళ్ళకు మద్రాసు పరాయి ఊరు కాదు. చదువుకు, వైద్యానికి, వ్యాపారానికి తరాలుగా పోతున్న ఊరు. ఆ ఊరి దాహం తీర్చే నీళ్ళు మన సోమశిలలో ఆగి ముందుకు పోతాయన్నది నెల్లూరు జిల్లా గర్వించవలసిన విషయం.

ఇంకో సంగతి మొన్నమొన్నటిదే. 2024 ఆగస్టు 10 రాత్రి హోసపేట దగ్గర తుంగభద్ర డ్యాముకు ఉన్న 33 గేట్లలో 19వ గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. జలాశయం నిండుగా ఉంది. ఆ నీళ్ళ మీద కర్ణాటకలో రాయచూరు, కొప్పళ, బళ్ళారి రైతులు, ఆంధ్రలో కర్నూలు, అనంతపురం, కడప రైతులు, తెలంగాణలో రాజోలిబండ (ఆర్డీఎస్) రైతులు ఆధారపడి ఉన్నారు. మిగతా గేట్లన్నీ ఎత్తి నీళ్ళు కిందికి వదలాల్సి వచ్చింది. నీళ్ళు పోతుంటే తప్పు మీదంటే మీదని వాదించుకోవడానికి కావలసినంత అవకాశం ఉంది. కానీ ఆ డ్యాము 1953 నుంచి తుంగభద్ర బోర్డు చేతిలో ఉంది. రాష్ట్రాల ప్రతినిధులూ కేంద్రం ప్రతినిధులూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే బోర్డు అది. ఎవరిని పిలవాలో, ఎక్కడ తయారు చేయించాలో తెలిసిన వ్యవస్థ ఉంది. చిత్తూరు జిల్లాకు చెందిన రిటైర్డ్ ఇంజనీరు కన్నయ్యనాయుడుగారు వచ్చి, పారే నీటి ముందే ఉక్కు పలకలు దించే పద్ధతి చెప్పారు. స్టాప్‌లాగ్ అంటారు దాన్ని. కార్ఖానాలు రాత్రింబగళ్ళు పని చేశాయి. వారం రోజుల్లోపు, ఆగస్టు 17 నాటికి, ఆ ఖాళీ మూసేశారు. పలకలు దించే పనిలో ఉన్న కూలీల్లో, ఇంజనీర్లలో ఎవరు ఏ రాష్ట్రం వాళ్ళని ఆ వారం రోజులు ఎవరూ అడగలేదు. ఆపద వచ్చాక బోర్డు పెట్టుకుందామంటే అది కుదిరే పని కాదు. డెబ్బై ఏళ్ళుగా కలిసి కూర్చుని పంపకాలు మాట్లాడుకున్న అలవాటు ఆ రాత్రి అక్కరకొచ్చింది.

బయటి దేశాల సంగతి ఒక్క ముక్క చెప్పి మన ఊరికి వస్తాను. జర్మనీ, నెదర్లాండ్స్ రెండో ప్రపంచ యుద్ధంలో ఒకదాన్నొకటి చూసిన తీరు అందరికీ తెలుసు. యుద్ధం ముగిసిన పదమూడేళ్ళకే, 1958లో, ఆ సరిహద్దుకు రెండు వైపులా ఉన్న చిన్న చిన్న ఊళ్ళ పాలకమండళ్ళు కలిసి యూరేజియో అనే సంస్థ పెట్టుకున్నాయి. దేశ రాజధానుల ఆజ్ఞ కోసం ఎదురుచూడలేదు. ఫ్రాన్స్, స్పెయిన్ మధ్య పిరనీస్ కొండల్లో సెర్దాన్య అనే లోయ ఉంది. ఫ్రాన్స్ వైపు పెద్దాసుపత్రికి పోవాలంటే కొండదారిలో వంద కిలోమీటర్లు, చలికాలంలో మంచు. అందుకని స్పెయిన్ వైపున్న ఊళ్ళో రెండు దేశాలూ ఖర్చు పంచుకుని ఒకే ఆసుపత్రి కట్టాయి. 60 పాళ్ళు స్పెయిన్ వైపు, 40 పాళ్ళు ఫ్రాన్స్ వైపు. 2014లో తెరిచారు. రెండు భాషలు, రెండు చట్టాలు, రెండు రకాల బీమాలు ఉన్న చోట ఈ పని అయింది. మనకు ఒకే భాష, ఒకే రాష్ట్రం, ఒకే చట్టం.

అసలు మన ఉదయగిరి ప్రాంతానికి గీతలు దాటడం కొత్త కాదు. కృష్ణదేవరాయలు 1514లో గెలుచుకున్నప్పుడు ఉదయగిరి దుర్గం గజపతుల రాజ్యానికి సరిహద్దు కోట. అవి రాజుల కాలపు సంగతులు. మన కాలంలో, మన కళ్ళ ముందు, ఒక గొప్ప పని కలిగిరి మండలం దూబగుంటలో మొదలైంది. అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్ళు సారా దుకాణం ముందు నిలబడ్డారు. వర్ధినేని రోశమ్మగారు, ఆమెతోపాటు పేరు రాయని ఎందరో కూలీ తల్లులు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా పాకింది, జిల్లా దాటింది. 1993 ఏప్రిల్‌లో ప్రభుత్వం ఒక్క నెల్లూరు జిల్లాలో సారా నిషేధించింది. ఆలోచించండి, ఒక్క జిల్లాలో నిషేధం అంటే వరికుంటపాడులో దుకాణం లేదు, పామూరులో ఉండొచ్చు. గీత పక్కన ఉన్న ఊరికి ఆ నిషేధం సగం నిషేధమే. పక్క జిల్లాల ఆడవాళ్ళు కూడా కలిసి రావడం వల్లే అదే ఏడు అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. చదువు అప్పుడప్పుడే నేర్చుకుంటున్న తల్లులు, ఫోన్లు లేని రోజుల్లో, జిల్లాలు దాటి ఒక మాట మీద నిలబడ్డారు. ఇవాళ ప్రతి మండలంలో పొదుపు సంఘాల సమాఖ్య ఉంది, ఆఫీసు ఉంది, బ్యాంకు ఖాతా ఉంది, ప్రతి చేతిలో ఫోను ఉంది. వరికుంటపాడు మండల సమాఖ్య, పామూరు మండల సమాఖ్య ఒకచోట కూర్చోవడానికి అడ్డమేమిటి?

ఇప్పుడు ముందున్న పనుల్లో పెద్దది వెలిగొండ ప్రాజెక్టు. పూల సుబ్బయ్యగారి పేరు మీద ఉన్న పథకం. శ్రీశైలం వెనక కొల్లంవాగు దగ్గర నుంచి 43.5 టీఎంసీల కృష్ణా వరద నీటిని, దాదాపు 19 కిలోమీటర్ల సొరంగాల గుండా తెచ్చి, సుంకేసుల, గొట్టిపడియ, కాకర్ల కనుమలకు కట్టలు కట్టి నల్లమల సాగరంలో నిలపాలన్నది ఆలోచన. 1996లో శంకుస్థాపన జరిగింది. సొరంగాలు తవ్వడం ముగిసింది 2024 నాటికి. తవ్వి ముగించిన సొరంగం చూసి సంబరపడే ముందు ఆయకట్టు లెక్క చూడండి. మొత్తం 4,47,300 ఎకరాల్లో ప్రకాశానికి 3,36,100, నెల్లూరుకు 84,000, కడపకు 27,200. నెల్లూరు వాటా అంటే మన ఉదయగిరి వైపు మెట్ట. మనం కాలువ చివర ఉన్నాం. కాలువ చివరి రైతు పరిస్థితి ఏ ప్రాజెక్టు కిందైనా ఒకటే. పైవాళ్ళతో మంచి మాట, ముందే కుదిరిన కట్టుబాటు ఉంటేనే నీళ్ళు కిందికి వస్తాయి. నీళ్ళు వచ్చిన రోజున కాలువ గట్టు మీద నిలబడి తగాదా పడే కంటే, నీళ్ళు రాకముందే మూడు జిల్లాల రైతులు కూర్చుని మాట్లాడుకోవడం మేలు. మరోవైపు సోమశిల హైలెవెల్ కాలువ కూడా ఆత్మకూరు, ఉదయగిరి మెట్టకే ఉద్దేశించింది. ఈ రెండు పథకాల చివరలూ మన దగ్గరికే వచ్చి ఆగుతాయి కాబట్టి, అందరినీ పిలిచి కూర్చోబెట్టవలసింది మనమే.

దీనికి చట్టం అడ్డం లేదు. 1997 నీటి సంఘాల చట్టం సంఘాన్ని ఊరి పొలిమేరను బట్టి కాక, కాలువ పారకాన్ని బట్టి ఏర్పాటు చేయమంది. 2024 డిసెంబరులో నీటి సంఘాలకు ఎన్నికలు కూడా జరిగాయి. మన్నేరు మీద రాళ్ళపాడు ప్రాజెక్టు చూడండి. సోమశిల ఉత్తర కాలువ నీళ్ళు అక్కడి దాకా పోవాలి. అది ప్రకాశంలో ఉన్నప్పుడూ ఆ రైతులకు సోమశిల నీళ్ళు కావాలి, 2022లో నెల్లూరులోకి వచ్చాకా అవే నీళ్ళు కావాలి. జిల్లా గీత జరిగింది, కాలువ ఉన్నచోటే ఉంది. పొగాకు బోర్డు ఈ నిజాన్ని ఎప్పుడో గుర్తించింది. మన డీసీపల్లి, కలిగిరి వేలం కేంద్రాలనూ, అటు కనిగిరి, పొదిలి కేంద్రాలనూ జిల్లా చూడకుండా నేల చూసి, దక్షిణపు తేలిక నేలలని ఒకే లెక్కలో వేసింది. అందుకే ధర పడిపోయినప్పుడు రెండు వైపుల పొగాకు రైతులూ ఒకే మాట మాట్లాడగలుగుతున్నారు.

చివరగా జీవాల మాట. నెల్లూరు గొర్రె అంటే దేశమంతా పేరుంది. జోడిపి, పల్ల, డోర అని మూడు రకాలు. మేత కోసం మందలు కొండ ఎక్కుతాయి, దిగుతాయి, అటు బద్వేలు వైపు పోతాయి, ఇటు డెల్టా వైపు దిగుతాయి. మందతో పాటు జబ్బు కూడా నడుస్తుంది. పీపీఆర్ జబ్బును 2030 నాటికి లేకుండా చేయాలని ప్రపంచ దేశాలు, వాటితో పాటు మన దేశం గడువు పెట్టుకున్నాయి. గీతకు ఈవల టీకాలు ఈ నెల వేసి, ఆవల రెండు నెలల తర్వాత వేస్తే ఆ గడువు అందుకోలేం. చిటుకు రోగం, నీలినాలుక సంగతీ అంతే. మూడు జిల్లాల గొర్రెల సొసైటీలు కలిసి, కొండకు రెండు వైపులా ఒకే వారంలో టీకాలు వేయించమని పశువైద్య శాఖను అడగాలి. దీనికి కొత్తగా పైసా ఖర్చు లేదు. తేదీలు కలపాలి, అంతే.

కాబట్టి సర్పంచులకు, నీటి సంఘాల అధ్యక్షులకు, మండల సమాఖ్యల అక్కచెల్లెళ్ళకు, గొర్రెల సొసైటీల పెద్దలకు నా విన్నపం ఇది. ఎవరో జీవో ఇచ్చేదాకా ఆగకండి. ఒక నెల వరికుంటపాడులో, ఒక నెల పామూరులో, ఒక నెల బద్వేలులో కూర్చోండి. మొదటి సమావేశానికి మూడు వైపుల బోర్ల నీటి పరీక్షల రిజిస్టర్లు తెచ్చి ఒక బల్ల మీద పెట్టండి. రెండో సమావేశంలో టీకాల తేదీలు కలపండి. వెలిగొండ కాలువల మాట మూడోదానికి ఉంచండి, అది పెద్ద మాట, అప్పటికి మీకు ఒకరి మీద ఒకరికి నమ్మకం కుదిరి ఉంటుంది. మాట్లాడుకున్నది రాసి పెట్టండి, సంతకాలు చేయండి, నకలు ముగ్గురు కలెక్టర్లకూ పంపండి. మొదటి సమావేశం ఈ వేసవి ముదరకముందే జరగాలి, ఎందుకంటే బోర్లలో ఫ్లోరైడ్ సాధారణంగా ఎండాకాలంలో ఎక్కువగా తేలుతుంది.